దూరమునుండి కూడి పాడుట

రోగులకు శుశ్రూష చేయువారి అలసటను ఎవరు తీర్చెదరు? 2020వ సంవత్సరమున కరోనా వ్యాధి వ్యాపించినప్పుడు ఈ ప్రశ్న మన సీమకు మిక్కిలి దగ్గఱగా వచ్చినది. ఆ యేప్రిల్ నెల చివర ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున అత్యధికముగ రోగులు కర్నూలు జిల్లాయందే యుండిరి. వైద్యులును నర్సులును ఒడలెల్ల కప్పుకొని గంటలకొలది పనిచేసి, ఇల్లు చేరియు బిడ్డలకు దూరముగ నుండవలసివచ్చెను. ఒకరినొకరు కలిసికొని ఓదార్చుకొనుటకును వీలులేని కాలమది.

అదే యేట ఇటలీ దేశమందలి బారి నగరపు విశ్వవిద్యాలయ వైద్యశాలలో 34 మంది సిబ్బందికి సంగీత చికిత్స చేయువారు 5 వారములపాటు దూరమునుండియే సంగీతము నందించిరి. శ్వాసను నెమ్మదించుటకు, బలము నిచ్చుటకు, శాంతి నిచ్చుటకు వేఱువేఱుగ పాటల వరుసలను కూర్చిరి. అలసట, విచారము, భయము తగ్గినట్లు సిబ్బంది తెలిపిరి. ఇది చిన్న ప్రయత్నమే. దీనితో అంతయు తేలిపోయినదనరాదు. అయినను దారి చూపినది.

అచ్చట ఎవరికివారే వినిరి. పలువురు కూడి పాడుట మఱియొక విధము. ఎవరి యింటనుండి వారు ఫోనులో ఒక్కసారిగ పాడినచో పాట చెదరును. ఏలయన, ఇంటర్నెట్టు ద్వారా శబ్దము చేరుటకు కొంత కాలము పట్టును. ఆ యాలస్యము సెకనులో వెయ్యవ భాగములు సుమారు 30 దాటినచో తాళము తప్పును. కావున నడిపించు చికిత్సకులొకరే వినబడునట్లు పాడుదురు. తక్కినవారు తమ మైకులను మూసి, వారి గొంతుతో తమ గొంతు కలుపుదురు. మన పల్లెలలో భజన గురువు ఎత్తుకొనగా తక్కినవారందుకొనుట చూచినవారికి ఈ పద్ధతి క్రొత్తకాదు.

పాడునపుడు శ్వాస తీసికొనుట క్షణమాత్రము, విడుచుట దీర్ఘము. అట్టి దీర్ఘ నిశ్వాసమువలన గుండె వేగము కొంత తగ్గును. పాట ముగిసిన పిమ్మట మైకులు తెఱచి, ఒక్కొక్కరు మనసులోని మాట చెప్పుదురు. ఆ మాట పై యధికారి చెవిని బడరాదు. ఇది ముఖ్య నియమము. గొంతు బాగుండవలెనను నియమము లేదు. పాడనొల్లనివారు వినుచు కూర్చుండవచ్చును.

అయితే పాట నిద్రకు బదులుగాదు. చాలినంతమంది నర్సులను నియమింపక, సెలవు లియ్యక, పాడుకొమ్మనుట న్యాయము గాదు. రాత్రులు నిద్రపట్టక నిరాశలో మునిగినవారికి మనోవైద్యుని సహాయము కావలెను.

విద్యార్థులారా! మీలో ఎవరి తల్లియైనను రాత్రి డ్యూటీ ముగించుకొని తెల్లవాఱి యిల్లు చేరి, తలుపు మూసికొని, ఫోను ముందు సన్నగా పాడుచుండిన నవ్వకుడు. ఆమె తోడివారితో కలిసి బరువు దించుకొనుచున్నది. ఆ యరగంట ఆమెకు విడిచి, మంచినీళ్ల బిందె మీరే నింపుడు.