బెల్లపు సంతలో గుమస్తా

అనకాపల్లి పేరు చెప్పగానే ఎవరికైనా బెల్లమే స్ఫురిస్తుంది. శారదా నదీ ప్రాంతపు చెరకు తోటలు, 1913లో ఇక్కడ నెలకొన్న చెరకు పరిశోధన కేంద్రం, సంతలో బారులు తీరిన దిమ్మలు పలుమార్లు వర్ణితమైనవే. ఆ దిమ్మల వెనుక, వాలుబల్ల ముందు కూర్చుండి కలం కదిలించే గుమస్తాను వర్ణించినవారు మాత్రం అరుదు. రైతు ఏడాది కష్టం రూపాయలుగా మారేది అతని చేతివ్రాతలోనే గదా!

గుమస్తా అన్నది పారసీక పదం, నియుక్తుడని అర్థం. జమ, ఖర్చు, బాకీ, వసూలు అన్నవి కూడ అరబ్బీ, పారసీకాల నుండి వచ్చి, పల్లెలోని ముసలమ్మ నోట సైతం అచ్చ తెలుగులైనవి. పద్దెనిమిదవ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీవారు నేతగాండ్ర మీదికి పంపిన మనుషులకూ ఈ పేరే. బెల్లపు గుమస్తాకు అంతటి అధికారం లేదు గాని, అతని కాగితమంటే రైతుకు జంకు లేకపోలేదు.

దిమ్మ రంగు, గట్టిదనం చూచి రకం నిర్ణయిస్తారు. వేలంలో ధర తేలుతుంది. కొలగార్లు తూస్తారు, కళాసీలు మోస్తారు. తూకం పలికినప్పుడల్లా గుమస్తా అంకె వేసుకుని, ఆనక పట్టీ కట్టాలి. పట్టీలో పైన తూకం, ధర, మొత్తం సొమ్ము; నడుమ కూలి, తరుగు, పంట పెట్టుబడికి తెచ్చిన అప్పు, దాని వడ్డీ; అడుగున రైతు చేతికి వచ్చేది. అక్షరం రాని రైతుకు ఆ నడిమి పంక్తులు చీకటి. జీతమిచ్చేది వర్తకుడు, నమ్మేది రైతు. వ్రాసేవాడి ధర్మసంకటమంతా ఆ నాలుగు పంక్తులలోనే ఉన్నది.

ఈ చీకటి ఒక్క ఊరిది కాదు. దేశపు సంతలలో తూకాల తేడాలను, అడ్డగోలు కోతలను 1928లో వ్యవసాయ రాయల్ కమిషన్ ఎత్తిచూపి, క్రమబద్ధమైన మార్కెట్లు కావాలన్నది. 1933లో మద్రాసు రాష్ట్రంలో వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం, 1966లో ఆంధ్ర ప్రదేశ్ మార్కెట్ల చట్టం వచ్చాయి. వర్తకులకు లైసెన్సులు, తూకంపై కమిటీల అజమాయిషీ ఏర్పడ్డాయి. చట్టం సంత గుమ్మం దాకా వచ్చింది; పట్టీలోని అంకె మాత్రం గుమస్తా చేతనే పడాలి.

ఆ చేతికి అంతకుముందే మరొక పరీక్ష వచ్చింది. 1957 ఏప్రిల్ 1న కొత్త నాణేలు వచ్చాయి. పదహారణాల రూపాయి నూరు నయాపైసలైతే, అణాకు ఆరుంపావు. ఆ పావును ఎవరి పద్దున వేయాలి? వీశెలు, మణుగులు పోయి కిలోలు వచ్చేసరికి ఈ చిక్కు మరింత ముదిరింది. ఎనిమిది వీశెల మణుగు సుమారు పదకొండు కిలోల చిల్లర. ఆ చిల్లరను తేలికగా తీసుకుంటే బండెడు బెల్లం మీద నష్టం తేలికగా ఉండదు. మన లెక్కల తరగతులలో ఈ పట్టీనొకదానిని నల్లబల్ల మీద కడితే పిల్లలకు భిన్నాలు ఇంత వెగటు కావేమో!

బెల్లానికి మరొక గుణమున్నది. వానగాలికి చెమ్మగిల్లి కారుతుంది. నాడు తూచిన సరుకు నేడు అంతే తూగదు. ఆ తేడాను ఎండకూ వానకూ ఎంత, నిర్లక్ష్యానికి ఎంత అని విడదీసి వ్రాయగలవాడే నికార్సైన గుమస్తా.

చెరకు సాగు తగ్గిన కొలది సంతకు వచ్చే దిమ్మలూ తగ్గాయి. దేశంలో 2016 నుండి ఈ-నామ్ వచ్చింది, కొట్లలోకి కంప్యూటర్లు వచ్చాయి. కూడికలో పొరపాటు యంత్రం రానీయదు. తరుగు ఎంత వేయాలో మాత్రం యంత్రానికి మనిషే చెప్పాలి. చెప్పిన అంకెను రైతుకు చదివి వినిపించవలసినదీ అతడే.