హోప్ ఐలాండ్‌లో రాత్రి బసా? ముందు కాగితం, తర్వాతే పడవ!

కాకినాడ: సంక్రాంతికి పట్నం నుంచి వచ్చే కుర్రాళ్లకు ఏటా ఒకటే ఉబలాటం. కాకినాడకు ఎదురుగా సముద్రంలో ఉన్న హోప్ ఐలాండ్‌కు వెళ్లి, గుడారం వేసి, నెగడు రాజేసి ఒక రాత్రి గడిపి రావాలని. మా ఊరి రామాలయం అరుగు మీద మొన్న నలుగురు కూర్చుని లెక్కలు వేశారు. కోడి, బియ్యం, టార్చిలైట్లు, పడవ కిరాయి అన్నీ లెక్కకొచ్చాయి. అనుమతి సంగతి గానీ, మంచినీళ్ల సంగతి గానీ ఒక్కరికీ తట్టలేదు!

గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు, ఇసుకతో సుమారు రెండు వందల ఏళ్లలో ఏర్పడిన దీవి ఇది. పదహారు కిలోమీటర్ల పైచిలుకు పొడవున్న ఈ ఇసుక తిన్నె కెరటాల దెబ్బ కాకినాడ రేవుకు తగలకుండా అడ్డుగోడలా నిలుస్తోంది. 1978లో ఏర్పాటైన కోరింగ అభయారణ్యం పరిధిలోనిది కనుక ఎవరిష్టం వచ్చినట్లు వారు దిగడానికి వీల్లేదు. అటవీ శాఖ కార్యాలయానికి వెళ్లి, పగటి ప్రయాణమా, రాత్రి బసా అన్నది విడమరచి అడగాలి. కాగితం చేతిలో పడ్డాకే పడవ మాట్లాడుకోవాలి. పడవవాడు సరే అన్నంత మాత్రాన అనుమతి వచ్చినట్లు కాదు.

అసలు చిక్కు మరొకటి ఉంది. పండుగ రోజులూ, సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టే రోజులూ ఒకటే. జనవరి మొదలుకొని వేసవి తొలినాళ్ల వరకు ఆలివ్ రిడ్లే తాబేలు రాత్రివేళ ఒడ్డుకెక్కి, వెనుక కాళ్లతో ఇసుకలో గొయ్యి తవ్వి, వంద వరకు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి తిరిగి వెళ్లిపోతుంది. మనుషుల అలికిడి, దీపాల వెలుగు కనబడితే గుడ్లు పెట్టకుండానే వెనుదిరుగుతుంది. నెలన్నర, రెండు నెలలకు పిల్లలు పైకి వస్తాయి. చీకట్లో సముద్రం మీది తళుకే వాటికి దారి. ఒడ్డున నెగడు వెలుగుతుంటే పాపం అటే పాకుతాయి. తెల్లవారేసరికి కాకులకు, కుక్కలకు ఆహారం. సరదాకు గుడ్లు తీసినా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేటతో సమానమే. జైలు మూడేళ్లకు తగ్గదు.

ఇక పోటు, పాటు తెలియకుండా బయలుదేరరాదు. అమావాస్య, పున్నమి రోజుల్లో పోటు ఎక్కువ. పాటు సమయంలో పడవ బురదలో కూరుకుంటే మళ్లీ నీరెక్కేదాకా పడిగాపులే. తాగే నీళ్లు మనిషికి అయిదు లీటర్ల చొప్పునైనా వెంట ఉండాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపానుల కాలం కనుక ఆ నెలల్లో తలపెట్టకపోవడమే మేలు. 1839 నవంబరులో ఉప్పెన కోరంగి రేవును తుడిచిపెట్టిన సంగతి ఇటు పెద్దలకు చెప్పనక్కరలేదు.

ఇవన్నీ విన్నాక కుర్రాళ్లు కాసేపు ముఖాలు ముడుచుకున్నారు. చివరకు రాత్రి బస మానేసి, అనుమతి తీసుకుని పొద్దున్నే వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలని తీర్మానించారు. కోడి కూర మాత్రం ఇంట్లోనే వండించి క్యారేజీలో పెట్టుకు వెళతారట.