ప్రతినాయకుడు రాజనాల

నాయకుని శౌర్యము ప్రకాశింపవలెనన్న ఎదుట నిలుచువాడు అందుకు తగినవాడు కావలెను. ఎదిరి అల్పుడైనచో గెలుపు కూడ అల్పమే. తెలుగు చలనచిత్రములలో ఈ సత్యమును ఏండ్ల తరబడి చూపిన నటుడు కావలిలో 1925లో జన్మించిన రాజనాల కాళేశ్వరరావుగారు.

ఆయన రెవిన్యూ శాఖలో ఉద్యోగము చేయుచు నెల్లూరు రంగస్థలముపై నటించుచుండిరి. చివరి వరుసలోని వానికి సయితము మాట స్పష్టముగా వినబడవలెననుట రంగస్థలము నేర్పు తొలి పాఠము. ఆ పాఠము ఆయన కంఠమున నిలిచిపోయినది. కన్నులు మూసికొని విన్నను ఆ గొంతును, ఆ వికటాట్టహాసమును పోల్చుకొనవచ్చును.

1953లో హెచ్.ఎం. రెడ్డిగారి ‘ప్రతిజ్ఞ’తో ఆయన వెండితెర కెక్కిరి. అందు నాయకుడు కాంతారావుగారు. తరువాత వారిరువురు పెక్కు జానపద చిత్రములలో ఎదురెదురుగా కత్తులు దూసిరి. 1961లో ‘జగదేకవీరుని కథ’లో మోహాంధుడైన రాజుగా నవ్వించిన రాజనాలగారే, 1962లో ‘గులేబకావళి కథ’లో వక్రకేతువుగా భయపెట్టిరి.

కాలక్రమమున జానపద చిత్రముల వెల్లువ తగ్గినది. ఆయనకు అవకాశములును సన్నగిల్లినవి. చివరి దినములలో మధుమేహమువలన కాలు కోల్పోయి, 1998 మే 21న కన్నుమూసిరి.

తెరపై ఓడుటయే ఆయన వృత్తి. ప్రేక్షకుల తిట్లే ఆ వృత్తికి దక్కిన మెప్పు. శ్రోతలకు మేము మనవి చేయున దొక్కటే: పాత చిత్రము చూచుచు నాయకుని గెలుపునకు చప్పట్లు కొట్టునపుడు, ఆ గెలుపునకు విలువ తెచ్చిన వానిని కూడ ఒకింత తలచుకొనుడు.