కబ్బన్ పార్కులో ఒక్క ఎకరం తగ్గితే ఏమవుతుంది?

బెంగళూరు నడిబొడ్డున ఉన్న కబ్బన్ పార్కు వయసు 150 ఏళ్లు దాటింది. 1870లో రిచర్డ్ శాంకీ అనే ఇంజినీరు దీనికి రూపకల్పన చేశారు. మొదట 100 ఎకరాల వరకు ఉన్న ఈ ఉద్యానం తర్వాత దాదాపు 300 ఎకరాలకు విస్తరించింది. హైకోర్టు, గ్రంథాలయం, మ్యూజియం దీని ఆవరణలోనే ఉన్నాయి. అందుకే ఇక్కడ మరో భవనం, మరికాస్త పార్కింగు కావాలన్న ప్రతిపాదనలు తరచూ వస్తుంటాయి.

వాటిని అడ్డుకుంటున్నది ఎక్కువగా రోజూ అక్కడ నడిచేవాళ్లే. 1998లో 32 ఎకరాలను ఉద్యానం పరిధి నుంచి తప్పించే ప్రయత్నం జరిగినప్పుడు పౌరులు నిరసనకు దిగారు. ఇటీవలి కాలంలో పాత భవనం స్థానంలో బహుళ అంతస్తుల కట్టడం ప్రతిపాదనను కబ్బన్ పార్కు నడకదారుల సంఘం వ్యతిరేకించింది. వీరికి చట్టబలమూ ఉంది. ప్రభుత్వ ఉద్యానాల పరిరక్షణకు కర్ణాటక 1975లోనే ప్రత్యేక చట్టం చేసింది.

ఇంత పెద్ద పార్కులో ఒకటి రెండు ఎకరాలు పోతే నష్టమేమిటన్న ప్రశ్న ప్రతిసారీ వస్తుంది. దీనికి జవాబు భౌతికశాస్త్రంలో దొరుకుతుంది.

చెట్టు చల్లబరిచే తీరు

చెట్టు రెండు రకాలుగా చల్లదనం ఇస్తుంది. మొదటిది నీడ. రెండోది బాష్పోత్సేకం, అంటే వేర్లు పీల్చిన నీటిని ఆకులు ఆవిరిగా వదలడం. లీటరు నీరు ఆవిరి కావాలంటే దాదాపు 0.68 యూనిట్ల శక్తి కావాలి. ఆ శక్తి చుట్టూ ఉన్న వేడి నుంచే వస్తుంది. పెద్ద చెట్టు ఒకటి రోజుకు 100 లీటర్లు ఆవిరి చేస్తే 68 యూనిట్ల వేడిని ఖర్చు చేసినట్టే. ఒకటిన్నర టన్నుల ఏసీ అంత వేడిని లాగేయాలంటే దాదాపు 13 గంటలు ఆగకుండా నడవాలి. పైగా ఏసీ ఆ వేడిని వీధిలోకే వదులుతుంది.

బెంగళూరు వీధుల్లో చేసిన కొలతలూ ఇదే చెబుతున్నాయి. హరిణి నాగేంద్ర, సహ పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం చెట్లున్న చోట మధ్యాహ్నపు గాలి ఉష్ణోగ్రత గరిష్ఠంగా 5.6 డిగ్రీల సెల్సియస్, తారురోడ్డు ఉపరితల ఉష్ణోగ్రత 27.5 డిగ్రీల వరకు తక్కువగా ఉన్నాయి.

మొక్కలు నాటితే సరిపోదా?

చెట్టు కొట్టేస్తే దానికి బదులు పది మొక్కలు నాటుతామన్న హామీ వినసొంపుగా ఉంటుంది. లెక్క వేస్తే సంగతి వేరు. పది మీటర్ల వెడల్పున్న చెట్టు కొమ్మల గొడుగు 78 చదరపు మీటర్లను కప్పుతుంది. రెండు మీటర్ల వెడల్పున్న లేత చెట్టు కప్పేది మూడు చదరపు మీటర్లే. నీడ పరంగా చూసినా ఒక పాత చెట్టుకు 25 లేత చెట్లు కావాలి. ఆకుల దట్టం, కాండపు తొర్రల్లో గూడు కట్టే పక్షులు ఈ లెక్కలోకి రావు. నాటిన మొక్కలన్నీ బతుకుతాయన్న భరోసా కూడా లేదు.

నేల చేసే పని

బెంగళూరులో ఏటా సగటున 970 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అంటే ఒక ఎకరం మీద దాదాపు 39 లక్షల లీటర్లు. ఆకులు రాలి మెత్తబడిన నేల అందులో చాలాభాగాన్ని ఇంకించుకుంటుంది. అదే చోట కాంక్రీటు పరిస్తే నీరు నేరుగా కాలువల్లోకి పోతుంది. ఒకపక్క రోడ్లు మునుగుతాయి, మరోపక్క బోర్లు ఎండుతాయి. ఈ రెండూ బెంగళూరుకు కొత్త కాదు.

ఎకరం పోవడంలో మరో చిక్కు ఉంది. భవనంతో పాటు దానికి దారి, పార్కింగు, వాహనాల రాకపోకలు వస్తాయి. పక్కనున్న చెట్ల వేర్ల మీద మట్టి గట్టిపడి గాలి, నీరు అందవు. కొట్టని చెట్లు కూడా కొన్నేళ్లకు నీరసించి పడిపోవచ్చు. కాగితం మీద కనిపించే విస్తీర్ణం కన్నా అసలు నష్టం ఎక్కువ.

అందువల్ల పౌర సంఘాలు చేయగల అత్యంత విలువైన పని లెక్క ఉంచుకోవడమే. ఎక్కడ ఏ చెట్టు ఉంది, దాని చుట్టుకొలత ఎంత, వాన నీరు ఎటు పోతోంది అన్న వివరాలు చేతిలో ఉంటే కోర్టులోనైనా, అధికారుల ముందైనా వాదన నిలబడుతుంది. టేపు, నోటుపుస్తకం ఉంటే ఏ ఊరి పార్కులోనైనా ఈ పని మొదలుపెట్టవచ్చు.