కాగితంపై ఉబ్బెత్తు ముద్రలు

గత సంవత్సరం రంజాన్ పండుగ మరునాడు మా తరగతి విద్యార్థిని ఒకామె తాను ఇంటివద్ద చేసిన శుభాకాంక్షల కార్డు తెచ్చి మా చేతికిచ్చింది. నెలవంక, దాని ప్రక్కన ఎనిమిది కోణాల నక్షత్రం కాగితంపై ఉబ్బెత్తుగా లేచి ఉన్నాయి. రంగు లేదు, సిరా లేదు, వెలుగునీడలే చిత్రం. అయితే నక్షత్రపు కొనలన్నీ చిట్లిపోయాయి. "చేయి బరువు ఎక్కువైందేమో సార్" అని ఆమె చిన్నబుచ్చుకొన్నది. దోషం చేతిది కాదు, కాగితానిది. ఆ సంగతి విశదపరచుటకే ఈ వ్యాసం.

కాగితమనే మాటే మనకు పారసీకం నుండి వచ్చింది. అక్కడి 'కాగజ్' తెలుగు నోట కాగితమైంది. కలం అరబ్బీ మాట. ఇరవైనాలుగు కాగితాల కట్టను దస్తా అంటున్నామే, అది పారసీకంలో చేయి అనే అర్థమిచ్చే 'దస్త్' నుండి పుట్టింది. ఇంగ్లీషువారి రీము సైతం అరబ్బీ 'రిజ్మా'కు మారురూపమే. కాగితం చేయడమే వృత్తిగా గల ముస్లిం కుటుంబాలకు కాగజీలని పేరు. దౌలతాబాదు చెంత కాగజీపుర, రాజస్థానంలో సాంగానేరు వారి పనితనానికి ప్రసిద్ధికెక్కినవి. తెలంగాణలో కోరుట్ల కాగితానికీ అట్టి పేరుండేది. మిల్లు కాగితం వచ్చాక ఈ వృత్తి క్షీణించింది. 1934లో గాంధీజీ వార్ధాలో స్థాపించిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం దీనిని తిరిగి చేపట్టింది. 1940లో పూనాలో చేతి కాగితపు కార్ఖానా వెలసింది. సాంగానేరులోని జాతీయ సంస్థకు ఆ సంఘపు కార్యదర్శి జె.సి. కుమారప్ప పేరు పెట్టారు.

చేతి కాగితానికి ముఖ్యమైన ముడిసరుకు దర్జీల వద్ద మిగిలే నూలు గుడ్డపీలికలు. ప్రత్తి పోగు పొడవైనది, గట్టిది. కొయ్యగుజ్జుతో చేసిన మిల్లు కాగితంలో పోగులు పొట్టివి. పైగా నునుపు కోసం పూసిన సుద్దపొర సాగదు, పగులుతుంది. ముద్ర వేయడమనగా కాగితాన్ని సాగదీయడమే కదా! తేమ తగిలినప్పుడు పోగులు మెత్తబడి కొంత జరుగుతాయి. ఆరినప్పుడు క్రొత్త చోటనే బిగుసుకొంటాయి. కనుక ఈ పనిలో బలం కంటె తేమ ముఖ్యం. ఆ విద్యార్థిని వాడినది పెళ్ళిపత్రికల నునుపు అట్ట, అదీ పొడిగా.

నోటుపుస్తకపు వెనుక అట్టపై నమూనా గీసి, బ్లేడుతో తొలిచి, గాజుపలకపై అతికించాలి. 150 నుండి 200 గ్రాముల చేతి కాగితాన్ని తడిపి పిండిన గుడ్డల నడుమ కొద్ది నిమిషాలుంచి, ముఖభాగం క్రిందికి వచ్చేటట్లు దానిపై పరచాలి. గాజు క్రింద దీపముంచితే తొలిచిన అంచు పైకి కనబడుతుంది. ఆ అంచు వెంబడి అల్లికసూది మొద్దు చివరతో మెల్లగా రెండు మూడుసార్లు ఒత్తాలి. పెన్ను మొన పనికిరాదు, తడి కాగితాన్ని చీలుస్తుంది. నడిమి భాగాన్ని రుద్దనక్కరలేదు. అంచు లేచిందంటే రూపం లేచినట్లే. ఆపై కాగితాన్ని కదల్చక, ముద్రపై గాక నాలుగంచుల మీద నాపరాతి ముక్కలుంచి ఆరనివ్వాలి. నాపరాళ్ళకు మన జిల్లాలో కరువా! కరువున్నది తేమకే. ఒక ఏప్రిల్ మధ్యాహ్నం మేము పన్నెండు కాగితాలు పాడుచేసుకొన్న తరువాతగాని, కమలాపురం ఎండకు తడి కాగితం ముద్ర పూర్తికాకముందే ఆరిపోతున్నదని గ్రహించలేదు. తెల్లవారుజామున కూర్చోవడమే ఉపాయం.

అక్షరాలు తొలిచేవారు మరికొంత జాగ్రత్త వహించాలి. కాగితం బోర్లా పరుస్తాము కనుక అట్టను కూడా తిరగవేసి అతికించాలి. తెలుగు సున్న తొలిచినప్పుడు నడిమి ముక్క ఊడిపడుతుంది. దానిని పారవేయక గాజుపై దాని స్థానంలోనే అతికించాలి. ఉర్దూ నుక్తాలకు ఆ చిక్కు లేదు. కాని పైనుండవలసిన నుక్తా క్రిందికి దిగితే 'ఖుదా' కాస్తా 'జుదా' అవుతుందని మన ఉర్దూ విద్యార్థులకు వేరే చెప్పనవసరం లేదు. సిరా తప్పును కొట్టివేయవచ్చు, ఉబ్బెత్తు తప్పును కొట్టివేయలేము. 1829లో లూయీ బ్రెయిల్ ప్రకటించిన అంధుల లిపి కూడా ఈ పద్ధతిదే. పలకపై బిగించిన దళసరి కాగితాన్ని వెనుకనుండి పొడుస్తూ కుడి నుండి ఎడమకు వ్రాసి, త్రిప్పి ఎడమ నుండి కుడికి వేళ్ళతో చదువుతారు. ఉర్దూ వలె వ్రాసి తెలుగు వలె చదివే లిపి అది!

ఆ విద్యార్థిని ఇప్పుడు చేతి కాగితంపై చక్కని ముద్రలు వేస్తున్నది. మరి నలుగురికి నేర్పింది. ఈ ఏటితో ఆమె చదువు చాలించాలని ఇంటివారు నిశ్చయించారు. ఇంటి పట్టున నాలుగు రూకలు వచ్చే పని కనబడితే వారి మనసు మారవచ్చునని మా ఆశ. మన వార్షికోత్సవ ఆహ్వాన పత్రికలను ఏటా బయట అచ్చు వేయిస్తున్నాము. ఈసారి 200 పత్రికలకు కవర్లపై కళాశాల చిహ్నం వేసే పని ఈ అయిదుగురికి ఒప్పగించి తగిన కూలి ఇప్పించవలసిందిగా కమిటీ పెద్దలను కోరుతున్నాము. లోపలి వివరాలు అచ్చులోనే ఉండనిండు. అంత వ్రాత చేతితో తొలవడం వృథా శ్రమ. ఒకరు ఒక ఉదయం పది కవర్లకు మించి చేయలేరు. కనుక నిర్ణయం జనవరిలోనే జరగాలి. మార్చి దాటితే మన ఊరిలో తెల్లవారుజాము కూడా చాలదు.