పరాసుల జాడలో బందరు దాకా

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ మీదుగా పోయే రోడ్డు 65వ నంబరు జాతీయ రహదారి. ఎల్బీనగర్, హయత్‌నగర్ దాటి విజయవాడ మీదుగా బందరులో ఆగుతుంది. కారులో పిల్లలుంటే దారి పొడుగునా చెప్పడానికి ఫ్రెంచివాళ్ల కథ ఒకటి ఉంది.

✦ దిల్‌సుఖ్‌నగర్ పక్కనున్న మూసారాంబాగ్ పేరు ఎక్కడిదో తెలుసా? నిజాం అలీఖాన్ కొలువులో 14 వేల మంది సైన్యాన్ని నడిపిన ఫ్రెంచి సేనాని రేమండ్‌ది. 1755లో గాస్కనీలో పుట్టాడు. ఆయన్ను హిందువులు మూసారాం అన్నారు, ముస్లింలు మూసా రహీం అన్నారు. పరాయి దేశస్థుణ్ణి ఇంతగా సొంతం చేసుకున్న ఊరంటే నాకు గర్వం.

✦ ఆయన సమాధి అక్కడికి దగ్గర్లోనే, ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. దాదాపు 7 మీటర్ల నల్లరాతి కట్టడం, పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. పక్కనున్న స్తంభాల మండపం 2001 వానలకు కూలితే మళ్లీ నిలబెట్టారు. రాతి మీద జె, ఆర్ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు చెక్కి ఉంటాయి. మా మనవరాలు వాటి మీద వేలు పెట్టి దిద్దుతూ, “తాతయ్యా, జె అంటే ఏంటి?” అంది. జోకిమ్, ఆయన పేరులో మధ్య ముక్క.

✦ రేమండ్ 1798 మార్చి 25న పోయాడు. సెప్టెంబరు 1న నిజాం ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం చేసుకున్నాడు. అక్టోబరులో రేమండ్ నడిపిన ఆ పెద్ద సైన్యం చేత ఆయుధాలు దింపించారు. యుద్ధమే జరగలేదు. ఆయన బతికుంటే ఏమయ్యేదోనని ఆ గుట్ట ఎక్కినప్పుడల్లా అనిపిస్తుంది.

✦ అబిడ్స్ దగ్గర గన్‌ఫౌండ్రీ కూడా రేమండ్ ఫిరంగులు పోయించిన చోటే.

✦ మనవాళ్లూ ఫ్రాన్సు వెళ్లారు, మొదటి ప్రపంచ యుద్ధానికి. హైదరాబాద్ కంటింజెంట్ నుంచి వచ్చిన దక్కన్ హార్స్ రౌతులు 1916 జులై 14న సోమ్ పొలాల్లో, హైవుడ్ దగ్గర, ఈటెలు పట్టి గుర్రాలు దూకించారు.

✦ రోడ్డు చివర బందరు కోట. చుట్టూ చిత్తడి నేల. ఒకప్పటి గోదావరి జిల్లాలో చందుర్తి దగ్గర 1758 డిసెంబరులో ఓడిన ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్ ఈ కోటలోకి చేరాడు. 1759 ఏప్రిల్ 7 రాత్రి ఇంగ్లీషు సేనాని ఫోర్డ్ మనుషులు దాడి చేశారు. తెల్లవారేసరికి కోట ఇంగ్లీషువాళ్లది. ఉత్తర సర్కార్లలో ఫ్రెంచివాళ్ల పెత్తనం దాంతో పోయింది.

✦ ఫ్రెంచివాళ్లను మన పెద్దలు పరాసులనేవారు. బందరులో పరాసుపేట ఇప్పటికీ ఉంది.