ముట్లుడుగు వేళ

తెలుగున కొన్ని మాటలు సంఘచరిత్రను తమలో దాచుకొన్నవి. స్త్రీకి నెలనెలా కలుగు రక్తస్రావమును మనవారు 'ముట్టు' అనిరి. తాకుట అనియు ఆ మాటకు అర్థము కలదు. 'బహిష్టు' అనిరి, వెలుపల నుండుట దాని భావము. ఆ ధర్మము నిలిచిపోవుటకు మాత్రము 'ముట్లుడుగుట' అను చక్కని పలుకు కల్పించిరి. గాలి ఉడుగును, వాన ఉడుగును. అయితే గాలివాన ఉడుగుటకు ముందు ఒక్కొక్కప్పుడు చెలరేగును. స్త్రీ దేహమునందును అట్లే జరుగవచ్చును. ఆ చెలరేగుటలో సహజమెంత, రోగమెంత అని తెలిసికొనుట ప్రాణావసరము.

తెనాలి నుండి రేపల్లెకు పోవు రైలుదారిలో వేమూరు కలదు. చుట్టును కృష్ణ కాలువల క్రింది మాగాణి. నాట్లు, కలుపుతీత, కోతలు అన్నిటను స్త్రీల చేయి ఉండవలసినదే. అటువంటి పల్లెలో నలువదియైదేండ్ల ఇల్లాలినొకతెను పాఠకులు ఊహింతురు గాక. నెలసరి మూడు వారములు నిండకయే వచ్చును. పది దినములైనను ఆగదు. నెత్తురు గడ్డలుగా పడును. నాలుగు మెట్లెక్కినచో ఆయాసము. అయినను భర్తతో చెప్పదు, కుమార్తెతో చెప్పదు. ఇరుగుపొరుగు అమ్మలక్కలు "ఆగిపోయే వయసు గదమ్మా, ఇట్లాగే ఉంటుంది" అందురు. ఆ మాటలో సగము సత్యము. ప్రమాదమంతయు మిగిలిన సగమున నున్నది.

అండాశయము నెలనెలా అండమును విడుచుచున్నంత కాలము ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరోన్ అను రెండు హార్మోనులు తూకముగా నుండును. మొదటిది గర్భాశయపు లోపొరను పెంచును. రెండవది దానిని కుదుటపరచి, సకాలమున రాలిపోవునట్లు చేయును. వయసు మీరిన కొలది కొన్ని నెలలు అండము వెలువడదు. అప్పుడు రెండవ హార్మోను కొరవడును. పొర మితిమీరి పెరిగి, వేళతప్పి, అధికముగా స్రవించును. తరచు కానవచ్చు కారణమిది. కాని ఇదొక్కటియే కాదు. గర్భాశయపు కండరమున పెరుగు ఫైబ్రాయిడ్ గడ్డలు, లోపొరపై మొలచు పాలిప్‌లు, థైరాయిడ్ లోపము, కొన్ని మందులు కూడ కారణములు కావచ్చును. అరుదుగా గర్భాశయమునకో, దాని ముఖద్వారమునకో సోకిన కాన్సరు సైతము తొలుత ఈ రూపముననే పొడసూపును. పైకి కనబడు లక్షణమొక్కటే. లోపలి రోగములు వేరు.

ఎనిమిది దినములకు మించిన స్రావము, గంటకో రెండు గంటలకో గుడ్డ మార్చవలసివచ్చుట, రెండు నెలసరుల నడుమను, సంగమానంతరమును నెత్తురు కానవచ్చుట వైద్యురాలికి తప్పక చెప్పదగినవి. ముట్లుడిగి పండ్రెండు మాసములు నిండిన పిమ్మట ఒక్క చుక్క కనబడినను పరీక్ష చేయించుకొనవలసినదే. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏండ్ల స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత కలదు. అసలే చాలని రక్తము ఇట్లు నెలనెలా పోవుచుండగా ఆ దేహము ఎంతకాలము ఓర్చుకొనగలదు?

మౌనము ఒక ప్రమాదమైనచో, తొందరపాటు రెండవది. "పిల్లలు పుట్టిరి కదా, ఇక గర్భసంచితో పనియేమి?" అను మాట మన పల్లెలలో వినబడుచునే యున్నది. ఆ సర్వేయే చెప్పినట్లు, ఆ వయస్సు స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున నూటికి ముగ్గురు కాగా, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో ఎనిమిదిమంది. అనవసరపు శస్త్రచికిత్సలను అరికట్టుటకు కేంద్రము రూపొందించిన మార్గదర్శకములను మూడు మాసములలో అనుసరింపవలెనని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రములను ఆదేశించినది.

శస్త్రచికిత్స తగదని దీని భావము కాదు. కాన్సరు ఉన్నచోట, ఇతర చికిత్సలు ఫలింపనిచోట అది ప్రాణము నిలుపును. కాని మొదట కారణము తేలవలెను. రక్తపరీక్ష, స్కానింగు, అవసరమైనచో లోపొర నుండి చిన్న తునక తీసి చేయు పరీక్ష, ఇవి జరిగిన పిమ్మటనే నిర్ణయము. స్రావమును తగ్గించు మాత్రలు, హార్మోను మందులు, గర్భాశయమున అమర్చు హార్మోను సాధనము, ఇనుము మాత్రలు ఎందరికో చాలును. గర్భసంచితో పాటు అండాశయములను కూడ అకాలమున తీసివేసినచో ఎముకలు పెళుసుబారును, గుండెజబ్బుల భయము హెచ్చును. కావున 'ఏమి తీయుదురు? ఎందుకు తీయుదురు? వేరు మార్గము లేదా?' అని అడుగుట రోగి హక్కు.

పాఠశాలలో విద్యార్థి అండాశయపు పటమును పరీక్ష కొరకు చక్కగా గీయును. ఇంటిలో తల్లి మొగము పాలిపోవుట గమనింపడు. ఆ రెంటికిని గల సంబంధమును తరగతిలో విప్పిచెప్పు ఉపాధ్యాయిని ఒక పాఠముతో ఎన్నో ఇండ్లకు మేలు చేయును. "అమ్మా, ఈ మధ్య నీరసముగా ఉన్నావేమి? ఆసుపత్రికి పోదమా?" అని బిడ్డ అడిగిననాడు, తరతరములుగా ఆ తల్లి దాచుకొన్న మాట పెదవి దాటగలదు.